అమెరికా 1-800 నంబరుకు గుంటూరు నుంచి చేస్తే డబ్బు ఎవరు కట్టాలి?

మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి కనుక ముందు వాటిని విడదీస్తాను. డాలస్‌లో అమ్మాయి దగ్గర కొంతకాలం ఉండి గుంటూరు తిరిగి వచ్చాక, అక్కడి ఆసుపత్రి బిల్లు తాలూకు ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిము కోసం మీరు కార్డు వెనుక ఉన్న 1-800 నంబరుకు మీ ప్రీపెయిడ్ మొబైల్ నుంచి చేశారు. టోల్‌ఫ్రీ అని దాని పక్కనే అచ్చు వేసి ఉన్నా, లైన్లో సంగీతం వింటూ ఉండగానే బ్యాలెన్స్ మొత్తం ఊడ్చుకుపోయింది. ఇంకా అక్కడే ఉన్న మీ శ్రీమతి గారు, పింఛను జమ అయ్యే ఇక్కడి బ్యాంకు తాలూకు 1800 నంబర్లకు అమ్మాయి ఫోన్ నుంచి చేస్తే, ఒక నంబరు అసలు కలవలేదు, రెండో నంబరు కలిసింది గాని ఎవరో అమెరికా కంపెనీ వాళ్లు ఎత్తారు. ఇందులో మోసం ఏమైనా ఉందా, ఫోన్ కంపెనీ మీద ఫిర్యాదు చేయవచ్చా అని అడిగారు.

మోసమూ లేదు, ఫిర్యాదు చేసినా నిలవదు. అంతర్జాతీయ కాల్స్ లెక్కలు, బిల్లుల పరిష్కారం చూసే పనిలో విజయవాడలో చాలా ఏళ్లు ఉన్నవాడిని కనుక ఈ మాట ఖాయంగా చెప్పగలను. ఏ దేశపు టోల్‌ఫ్రీ నంబరైనా, ఆ నంబరు తీసుకున్న సంస్థ ఏ ప్రాంతం వరకు డబ్బు కడతానని ఒప్పుకుందో ఆ ప్రాంతం లోపలే ఉచితం. ఆ హద్దు దాటి బయటి నుంచి చేస్తే కాల్ కలవకపోవచ్చు. కలిస్తే మాత్రం మామూలు ఐఎస్‌డీ కాల్ లాగానే నిమిషాల లెక్కన మీ ఖాతాలోంచి పోతుంది.

మన తపాలా శాఖ బిజినెస్ రిప్లై కవర్లు మీరు చూసే ఉంటారు. వాటి మీద, భారతదేశంలో పోస్టు చేస్తే స్టాంపు అక్కరలేదని, తపాలా ఖర్చు చిరునామాదారు చెల్లిస్తారని ముద్రించి ఉంటుంది. అదే కవరును డాలస్‌లో డబ్బాలో వేస్తే అక్కడి తపాలా శాఖ దాన్ని ఉచితంగా మోయదు, ఎందుకంటే చిరునామాదారుడి ఒప్పందం మన తపాలా శాఖతోనే ఉంది. టోల్‌ఫ్రీ నంబరు కూడా సరిగ్గా ఇటువంటి ఒప్పందమే. తేడా ఏమిటంటే, కవరు మీద ఆ షరతు అచ్చులో కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ కార్డు మీద చాలా కంపెనీలు అది రాయవు. రాయవలసిన బాధ్యత వాళ్లకు ఉందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్న మనిషి సొంత దేశానికి తిరిగి వెళతాడని ఆ కంపెనీకి ముందే తెలుసు.

డబ్బు ఏ దారిన నడుస్తుందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మామూలు ఐఎస్‌డీ కాల్‌లో మీ మొబైల్ కంపెనీ మీ దగ్గర వసూలు చేసి, అందులోంచి కాల్‌ను సముద్రం దాటించే సంస్థకూ, అవతలి దేశంలో కాల్‌ను చివరి ఫోన్ దాకా చేర్చే కంపెనీకీ వాటా ఇస్తుంది. బయటి నుంచి మన దేశానికి వచ్చే కాల్స్‌కు ఈ చివరి వాటా ఎంత ఉండాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయిస్తుంది. 2020 మే 1 నుంచి అది నిమిషానికి 35 పైసలకూ 65 పైసలకూ మధ్య ఉండేలా పెట్టారు. టోల్‌ఫ్రీ కాల్‌లో ఈ ప్రవాహం తిరగబడుతుంది. కాల్ అందుకునే సంస్థ డబ్బు కడుతుంది, కాల్ మొదలైన చోట ఉన్న ఫోన్ కంపెనీకి అందులోంచి వాటా వస్తుంది. ఇప్పుడు గుంటూరులో మీ ఫోన్‌కు సేవలందించే కంపెనీకి ఆ అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీతో ఏ ఒప్పందమూ లేదు, దానికి బిల్లు పంపే మార్గమూ లేదు. పంపగలిగింది మీ ఒక్కరికే. అందుకని అది ఆ కాల్‌ను +1 కోడ్‌కు వెళ్లే ఏదో ఒక ఐఎస్‌డీ కాల్‌గానే లెక్కిస్తుంది. అవతల కాల్ అమెరికా నెట్‌వర్క్‌లోకి అడుగుపెట్టాక ఆ ఇన్సూరెన్స్ కంపెనీ కూడా తన వంతు టోల్‌ఫ్రీ ఖర్చు కడుతుంది. ఒకే కాల్‌కు రెండు వైపులా ఖర్చు పడుతుందన్నమాట. ఈ భారం వద్దనుకునే సంస్థలు విదేశాల నుంచి వచ్చే కాల్స్ తమ 800 నంబరుకు చేరకుండా ఆపించుకుంటాయి. అప్పుడు మీకు, ఈ నంబరును మీ ప్రాంతం నుంచి చేరుకోలేరని చెప్పే రికార్డు వినిపిస్తుంది.

ఈ హద్దులు దేశాల మధ్యనే ఉంటాయని కూడా అనుకోనక్కరలేదు. అమెరికాలో ఆటోమేటిక్ 800 సేవను ఏటీ అండ్ టీ 1967లో మొదలుపెట్టింది. అమెరికా, కెనడా రెండింటికీ దేశపు కోడ్ 1 కావటంతో 800 నంబర్ల వరుస కూడా ఒకటే. అయినా ఒక అమెరికా కంపెనీ 800 నంబరు కెనడా నుంచి మోగాలా వద్దా అన్నది ఆ కంపెనీ ఎంచుకున్న ప్రాంతాన్ని బట్టే ఉంటుంది. బ్రిటన్‌లో 0800 నంబర్లు ల్యాండ్‌లైన్ నుంచి ఎప్పటినుంచో ఉచితం, మొబైల్ నుంచి మాత్రం 2015 జూలై 1 వరకు చాలామందికి ఛార్జీ పడేది. మన దేశంలోనూ ఒక కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు ఇంకో కంపెనీ ఫోన్ నుంచి కలవని రోజులు ఉండేవి. వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య ఈ సేవ నడవటానికి ట్రాయ్ 2006లో ప్రత్యేకంగా నిబంధనలు తేవలసి వచ్చింది. ఎక్కడెక్కడ ఒప్పందం కుదిరిందో అక్కడక్కడే టోల్‌ఫ్రీ చెల్లింది.

మీ బ్యాలెన్స్ అంత వేగంగా పోవటానికి కారణం రేటు ఒక్కటే కాదు. అవతల మనిషి మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే మీటరు తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఫోన్ కంపెనీ లెక్కలో మాత్రం అవతలి యంత్రం కాల్ ఎత్తిన క్షణం నుంచే కాల్ మొదలైనట్టు. ఐవీఆర్, అంటే రికార్డు గొంతుతో జవాబిచ్చే ఆ యంత్రం, మొదటి రింగుకే ఎత్తుతుంది. తరువాత ఇంగ్లీషుకు ఒకటి నొక్కండి, స్పానిష్‌కు రెండు నొక్కండి అనే దగ్గర నుంచి, మీ కాల్ మాకు ముఖ్యం అని పదే పదే చెప్పే రికార్డు వరకు ప్రతి నిమిషమూ ఐఎస్‌డీ నిమిషమే. 1990లలో గవర్నర్‌పేటలోనో, అరండల్‌పేటలోనో పసుపు బోర్డు ఉన్న ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూత్‌లో నిలబడి మాట్లాడిన వాళ్లకు కళ్ల ఎదుటే ఎర్ర అంకెలు పరుగెత్తేవి, చూసి పెట్టేసేవాళ్లు. మొబైల్‌లో ఆ అంకెలు కనిపించవు, కాల్ తెగినప్పుడే తెలుస్తుంది. టోల్‌ఫ్రీ కదా అన్న ధీమాతో ఎక్కువసేపు లైన్లో ఉండేది కూడా పెద్దవాళ్లే, అందుకే దెబ్బ తగిలేది వాళ్లకే.

ఇక మీ శ్రీమతి గారికి అమెరికా కంపెనీ ఎందుకు ఎత్తిందన్నది చాలామందికి తెలియని, తప్పక తెలిసి ఉండవలసిన విషయం. మన టోల్‌ఫ్రీ నంబర్లు 1800తో మొదలై, సాధారణంగా ఆ తరువాత ఆరో ఏడో అంకెలు ఉంటాయి. ఇందులో మొదటి 1 దేశపు కోడ్ కాదు, 1800 మొత్తం మన దేశంలోని ఒక సిరీస్. అమెరికాలో 1-800 తరువాత ఏడు అంకెలు ఉంటాయి, అక్కడ 1 వేరు, 800 వేరు. ఆ 1 అక్కడి ట్రంక్ కోడూ (దూరపు కాల్‌కు ముందు నొక్కే అంకె, మన ఎస్‌టీడీ సున్నా లాంటిది), దేశపు కోడూ. నొక్కే అంకెలు మాత్రం రెండు చోట్లా ఒకే తీరు. మన రాష్ట్రంలో ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీద తరచూ కనిపించే 1800 425 వరుస నంబరును డాలస్‌లో ఉన్న ఫోన్ మీద ఉన్నది ఉన్నట్టు నొక్కితే, అక్కడి నెట్‌వర్క్ దాన్ని 800-425తో మొదలయ్యే తమ నంబరుగానే చదువుకుంటుంది. ఆ నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్లకు మోగుతుంది. 1800 103 వంటి వరుసలైతే కలవవు, ఎందుకంటే అమెరికాలో 800 తరువాత వచ్చే అంకె 0 గాని 1 గాని కాకూడదు. స్టేట్ బ్యాంకు ఇచ్చే 1800 1234 లాంటి పొట్టి నంబరుకు అంకెలే చాలవు కనుక అది ఎటూ పోదు. ఆవిడకు ఒక నంబరు కలవకపోవటం, ఇంకొకటి వేరే ఎవరికో కలవటం, రెండింటికీ కారణం ఇదే.

ఇటు నుంచీ ఇదే ప్రమాదం ఉంది. మీరు గుంటూరులో ముందు ప్లస్ గాని, 00 గాని లేకుండా కార్డు మీద ఉన్నట్టే 1 800 అని నొక్కితే, అది మన దేశపు 1800 సిరీస్‌లోకి వెళుతుంది. ఆ నంబరు ఇక్కడ ఏ ఫ్రిజ్ కంపెనీకో, ఏ విత్తనాల కంపెనీకో ఉండవచ్చు. మీ బ్యాలెన్స్ పోయిందంటే మీరు ప్లస్ పెట్టి సరిగ్గానే చేశారని అర్థం.

అమెరికా టోల్‌ఫ్రీ నంబర్లన్నీ 800తోనే ఉండవు. 800 నంబర్లు సరిపోక 1996లో 888, 1998లో 877, 2000లో 866, 2010లో 855, 2013లో 844, ఆ తరువాత 833 వచ్చాయి. చాలా కార్డుల మీద ముందున్న 1 కూడా వేయకుండా నేరుగా 866 అని మొదలుపెట్టి పది అంకెలు రాస్తారు. మన కంటికి ఇది 8తో మొదలయ్యే పది అంకెల మొబైల్ నంబరు లాగానే కనిపిస్తుంది, నొక్కితే ఆ నంబరున్న ఎవరో అపరిచితుడి ఫోన్ మోగవచ్చు. 866 విషయంలో మన ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. విజయవాడ ఎస్‌టీడీ కోడ్ 0866. అమెరికా నంబరును ల్యాండ్‌లైన్ అనుకొని ముందు సున్నా చేర్చి నొక్కితే, తరువాతి ఏడు అంకెలను బట్టి ఆ కాల్ లబ్బీపేటలోనో, పటమటలోనో ఒక ఇంట్లో మోగే అవకాశం ఉంది. అటువైపు వాళ్లు తెలుగులో హలో అంటే మీరు పెట్టేస్తారు, నష్టం లేదు. నష్టం ఉన్నది ప్లస్ తప్పుగా పెట్టినప్పుడు. అంతర్జాతీయ కాల్ కనుక ప్లస్ ఉండాలని గుర్తుంచుకొని, 1 మరిచిపోయి +855 అని మొదలుపెడితే అది కంబోడియా దేశపు కోడ్. +866 అంటే చైనా కోడ్ 86 అయి, మిగిలిన 6 అక్కడి నంబరులో కలుస్తుంది. +844 అంటే వియత్నాం కోడ్ 84. కాల్ కలిసిందంటే ఆ దేశపు రేటు పడుతుంది, అది అమెరికా రేటు కన్నా ఎక్కువే ఉండవచ్చు. అందుకని ఏ అమెరికా నంబరైనా ఫోన్‌లో సేవ్ చేసేటప్పుడే +1 పెట్టి, ఆ వెనుక సరిగ్గా పది అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టి సేవ్ చేయండి. అంకెల బదులు ఇంగ్లీషు అక్షరాలతో రాసిన నంబరైతే కీప్యాడ్ చూసి అంకెలుగా మార్చి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు చేయవలసిన పని. విదేశాలలో ఖాతాదారులు ఉన్న సంస్థలు చాలావరకు టోల్‌ఫ్రీతో పాటు ఒక మామూలు నంబరు కూడా పెట్టుకుంటాయి. కార్డు వెనుక చిన్న అక్షరాలలో అమెరికా, కెనడాల బయటి నుంచి చేసేవారికి అనే అర్థం వచ్చే మాట, దాని కింద 800 వంటి కోడ్ కాకుండా వేరే ఏరియా కోడ్ ఉన్న నంబరు, పక్కన కలెక్ట్ అన్న మాట ఉన్నాయేమో భూతద్దం పెట్టయినా చూడండి. కార్డు మీద లేకపోతే పాలసీ పత్రంలోనో, వెబ్‌సైట్‌లో కాంటాక్ట్ పేజీ అడుగునో ఉంటుంది. ప్రభుత్వ సంస్థలు ఈ విషయంలో మెరుగు. అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ విదేశాల నుంచి చేసేవారికి +1 267 941 1000 అనే నంబరు ఇచ్చింది. అది టోల్‌ఫ్రీ కాదని కూడా చెబుతుంది. అక్కడి విదేశాంగ శాఖ తమ పౌరుల అత్యవసరాలకు దేశం లోపల 1-888-407-4747, బయటి నుంచి +1 202 501 4444 అని రెండు నంబర్లు పక్కపక్కనే ప్రకటిస్తుంది. ఇలా జంటగా ఇవ్వటమే సరైన పద్ధతి.

మామూలు నంబరుకు చేసినా ఐఎస్‌డీ ఛార్జీ తప్పదు గదా అని మీరు అనవచ్చు, నిజమే. అయితే అది ఎవరూ ఆపకుండా కలుస్తుంది, మీ ఐఎస్‌డీ ప్యాక్‌లోని నిమిషాలు దానికి నిస్సందేహంగా వర్తిస్తాయి. కొన్ని ప్యాక్‌లు టోల్‌ఫ్రీ వంటి ప్రత్యేక సిరీస్‌లను మినహాయిస్తాయి, కొనే ముందు షరతులు చదవండి. కలెక్ట్ కాల్ అంటే ఆపరేటరు ద్వారా అవతలివాళ్లు ఖర్చు భరించేలా చేసే కాల్. కార్డుల మీద ఇంకా ఆ మాట రాస్తున్నారు గాని, ఇక్కడి మొబైల్ నుంచి అటువంటి కాల్ పెట్టించుకోవటం ఇప్పుడు దాదాపు అసాధ్యం. దాని మీద ఆశ పెట్టుకోకండి. సంస్థ అంగీకరిస్తే కాల్ ఖర్చు తిరిగి ఇవ్వమని క్లెయిములో చేర్చి అడగవచ్చు.

మీ విషయంలో అన్నిటికన్నా తేలిక మార్గం మీ అమ్మాయే. ఆవిడ డాలస్ నుంచి ఆ 1-800 నంబరుకు చేస్తే పైసా ఖర్చు లేదు, ఎంతసేపు లైన్లో ఉన్నా ఫరవాలేదు. మనిషి లైన్లోకి వచ్చాక, ఒక్క నిమిషం ఆగమని చెప్పి, మీ గుంటూరు నంబరుకు రెండో కాల్ చేసి రెండింటినీ కలపాలి. మన దేశంలో ఉండగా వచ్చే కాల్‌కు మీకు ఖర్చు లేదు. ఆవిడకు తన ప్లాన్‌ను బట్టి ఇండియా కాల్ ఛార్జీ, అదీ మీరు మాట్లాడిన కొద్ది నిమిషాలకే పడుతుంది. పాలసీ మీ పేరున ఉంది కనుక వాళ్లు పుట్టిన తేదీ, చిరునామా అడిగి మీతోనే ధ్రువీకరించుకుంటారు. ఆ తరువాత అమ్మాయి మాట్లాడటానికి అనుమతి ఇస్తున్నానని అదే కాల్‌లో చెప్పి, ఫైల్‌లో నమోదు చేయించండి. తరువాతి సారి మీరు లైన్లో ఉండనవసరం లేకపోవచ్చు. వాట్సాప్ కాల్‌ను మామూలు కాల్‌తో కలపటం కుదరదని ముందే చెప్పి ఉంచండి, చాలామంది అక్కడే చిక్కుకుంటారు.

సమయం కూడా చూసుకోవాలి. డాలస్ మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, శీతాకాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ ఉదయం ఎనిమిది అంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర లేదా ఏడున్నర. ఆఫీసు తెరిచిన వెంటనే చేస్తే నిరీక్షణ తక్కువ, సోమవారం వద్దు. ఐవీఆర్‌లో తిరిగి ఫోన్ చేయమని కోరే ఎంపిక ఉంటే వదలకండి, అయితే +91 నంబరును చాలా యంత్రాలు తీసుకోవు. అప్పుడు అమ్మాయి నంబరు ఇవ్వండి.

అమెరికా సిమ్‌తో సెలవులకు ఇంటికి వచ్చే పిల్లలకు వైఫై కాలింగ్ అనే సౌకర్యం ఉంది. ఇంట్లో వైఫై ద్వారా కాల్ నేరుగా అమెరికా నెట్‌వర్క్‌లోకి చేరుతుంది కనుక, టోల్‌ఫ్రీ నంబరు డాలస్‌లో చేసినట్టే ఉచితంగా కలుస్తుంది. కొన్ని అమెరికా కంపెనీలు దీన్ని భారత్‌లో అనుమతించవు. బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి, సెట్టింగు కూడా అక్కడే ఆన్ చేసి ఒకసారి పరీక్షించాలి. గూగుల్ వాయిస్ వంటి అమెరికా నంబరు ఉన్న ఇంటర్నెట్ ఫోన్ ఖాతా ఉన్నవారికీ ఇదే ఫలితం వస్తుంది. ఒకప్పుడు స్కైప్‌లో అమెరికా 800 నంబర్లకు పైసా లేకుండా చేసుకునేవాళ్లం. అది 2025 మేలో మూతపడింది. మన దేశం నుంచి ఇంటర్నెట్ ద్వారా విదేశీ ఫోన్లకు కాల్ చేయటం 2002 ఏప్రిల్ 1 నుంచి చట్టబద్ధమే కనుక భయపడనవసరం లేదు.

నిజంగా దేశాలు దాటి పనిచేసే ఉచిత నంబర్లు కూడా ఉన్నాయి. ఇక్కడి కార్డుదారుల కోసం కొన్ని విదేశీ సంస్థలు 000 800తో మొదలయ్యే నంబరును భారత్‌లో తీసుకుంటాయి. వీసా, మాస్టర్‌కార్డ్ అలా ఇచ్చాయి. మూడు సున్నాలు చూసి ఐఎస్‌డీ అని జంకుతారు గాని, ఇది ఇక్కడి నుంచి చేసేవారికి ఉచితమైన కాల్. కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌ల నుంచి కలవకపోతే ల్యాండ్‌లైన్ నుంచి ప్రయత్నించండి. రెండవది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జెనీవా నుంచి కేటాయించే సార్వత్రిక నంబరు: +800 తరువాత ఎనిమిది అంకెలు. ఏ దేశంలో పనిచేయాలో ఆ దేశపు ఫోన్ కంపెనీలతో విడివిడిగా ఒప్పందం ఉండాలి కనుక అన్ని చోట్లా కలవదు. అమెరికా 800 నంబరులో ఏడు అంకెలే ఉంటాయి, అందువల్ల 1 వదిలేసి +800 అని నొక్కితే ఒక అంకె తక్కువై కాల్ విఫలమవుతుంది.

మీ శ్రీమతి గారి సంగతికి వస్తే, ఆవిడ 1800 నంబర్లను మరిచిపోవటం మంచిది. అమెరికా నుంచి విదేశాలకు చేసేటప్పుడు నొక్కే 011, మన దేశపు కోడ్ 91 ముందు చేర్చి చేసినా ఎక్కువ భాగం కలవవు. ఇక్కడి 1800 నంబరును అసలు ఫోన్‌కు మళ్లించే పని మన దేశంలోని ఇంటెలిజెంట్ నెట్‌వర్క్ డేటాబేస్ చేస్తుంది, బయటి నుంచి వచ్చే కాల్‌ను అక్కడిదాకా తీసుకువెళ్లే ఏర్పాటు చాలా సంస్థలు చేసుకోవు. బ్యాంకులు ప్రవాసుల కోసం ముంబై 22, బెంగుళూరు 80, హైదరాబాద్ 40 వంటి ఊరి కోడ్‌తో మామూలు నంబర్లు ఇస్తాయి. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ సహాయ కేంద్రం కూడా 1800 నంబర్ల పక్కనే +91 80తో మొదలయ్యే నంబర్లు ఇచ్చింది. వాటికి అమ్మాయి ఫోన్ నుంచి, ప్లాన్‌లో ఇండియా కాల్స్ ఉంటే, నిశ్చింతగా చేయవచ్చు. ఆధార్ 1947, సైబర్ నేరాల 1930 వంటి పొట్టి నంబర్లు దేశం లోపలివే. విదేశంలో ఉండగా సైబర్ మోసం జరిగితే జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఇక్కడున్న మీ చేత వెంటనే 1930కి చేయించాలి. మన రాష్ట్రపు ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీ ఎన్‌ఆర్‌టీ హెల్ప్‌లైన్ 0863 2340678 మామూలు గుంటూరు కోడ్ నంబరు కనుక +91 863 అని ఏ దేశం నుంచైనా కలుస్తుంది. ప్రవాసుల కోసం పెట్టిన నంబరు ఇలాగే ఉండాలి.

ఆవిడ దగ్గరున్న ఇండియా సిమ్‌ను ఓటీపీల కోసం మాత్రమే ఆన్‌లో ఉంచండి. రోమింగ్ ప్యాక్ లేకుండా దాని నుంచి +91 నంబరుకు చేసినా, దానికి వచ్చిన కాల్ ఎత్తినా ఛార్జీ చాలా ఎక్కువ పడుతుంది. ఎస్ఎంఎస్ అందుకోవటానికి మాత్రం సాధారణంగా ఖర్చు ఉండదు. అమ్మాయి ఫోన్ నుంచి చేస్తే బ్యాంకు యంత్రం ఆవిడను గుర్తుపట్టదు కనుక ఖాతా నంబరు, అడిగిన ఇతర వివరాలు కాగితం మీద రాసుకొని కూర్చోవాలి.

ఒక హెచ్చరిక. నంబరు కలవనప్పుడు వెంటనే గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు అని వెతికే అలవాటు చాలా ప్రమాదం. మోసగాళ్లు కాచుకొని ఉండేది సరిగ్గా అక్కడే. కార్డు, పాస్‌బుక్, పాలసీ పత్రం, సంస్థ సొంత వెబ్‌సైట్ తప్ప వేరే చోట దొరికిన నంబరుకు చేయవద్దు. పొరపాటున వేరే కంపెనీకి కలిసినప్పుడు, అవతలివాళ్లు సంస్థ పేరు చెప్పేవరకు కార్డు నంబరు గాని, పుట్టిన తేదీ గాని నోట రానివ్వకండి. ఆ రోజు మీ శ్రీమతి గారు వివరాలు ఏమైనా చెప్పి ఉంటే ఈ రోజే కార్డు బ్లాక్ చేయించి కొత్తది తెప్పించుకోండి.

ఇక ఈ సాయంత్రం మీరు చేయదగినది ఇది. పాలసీ పత్రం పీడీఎఫ్ తెరిచి విదేశాల నుంచి చేసే నంబరు వెతకండి. దొరికితే +1తో సేవ్ చేయండి, దొరకకపోతే క్లెయిము నంబరు పేర్కొంటూ కంపెనీకి ఈమెయిలు పెట్టి ఆ నంబరు అడగండి. ఈలోగా రేపు సాయంత్రం, అక్కడి ఆఫీసు తెరిచే వేళకు అమ్మాయి లైన్ పట్టి మిమ్మల్ని కలిపేలా మాట్లాడుకోండి. బ్యాంకు తాలూకు మామూలు నంబరు కోసం మీరే ఒకసారి మీ బ్రాంచికి వెళ్లి, విదేశాల నుంచి చేయటానికని చెప్పి రాయించుకొని, ఫోటో తీసి మీ శ్రీమతి గారికి వాట్సాప్‌లో పంపండి. అందులో 1800 నంబరు మళ్లీ రాసిస్తే వెనక్కి ఇచ్చి, ఊరి కోడ్ ఉన్న నంబరే కావాలని అడగండి.